జీవకుడు: పెంటకుప్ప మీది బిడ్డ, బుద్ధుని వైద్యుడు

 

సూర్యాపేట జిల్లాలో పుట్టి పెరిగి కూడా ఫణిగిరి కొండ ఎక్కనివాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నాగారం మండలంలోనే ఉంది, దూరమేం కాదు. కొండ మీద స్తూపం ఆనవాళ్లు, చైత్యాలు, భిక్ఖువులు ఉన్న విహారాల పునాదులు, బుద్ధుని జీవితాన్ని చెక్కిన తోరణపు రాళ్లు బయటపడ్డాయి. అక్కడి శాసనాల్లో ఒకటి ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరం నాటిది. ధర్మచక్రాన్ని నిలబెట్టిన సంగతి అందులో ఉంది. నిలబెట్టించింది రాజు కాదు, రాణి కాదు. ఒక ప్రధాన వైద్యుడు. సుమారు 1700 ఏళ్ల కిందటి మాట ఇది. అదే రాజుల రాజధాని అయిన నాగార్జునకొండలో దొరికిన మరో శాసనంలో జ్వరాలయం అన్న మాట కనిపిస్తుంది. జ్వరం వచ్చినవాళ్ల కోసం ఒక చోటు అన్నమాట.

మూసీ, కృష్ణల నడుమ మన నేల మీద వైద్యానికీ ధమ్మానికీ ఇంత చుట్టరికం ఎక్కడి నుంచి వచ్చింది? దాని మొదలు వెతుక్కుంటూ పోతే మగధ రాజధాని రాజగృహంలో, ఒక పెంటకుప్ప దగ్గర తేలతాం.

బాబాసాహెబ్ రాసిన బుద్ధుడు - ఆయన ధమ్మం గ్రంథంలో, ధమ్మాన్ని స్వీకరించిన పెద్దవాళ్ల వరుసలో బింబిసారుడు, అనాథపిండికుడు, ప్రసేనజిత్తులతో పాటు జీవకుడు కూడా ఉన్నాడు. అక్కడ క్లుప్తంగా ఉన్న ఆ జీవితాన్ని వినయపిటకంలోని మహావగ్గం పట్టుకుని ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పుకుందాం.

రాజగృహంలో సాలవతి అనే ఆమెను నగరానికి గణికగా నియమించారు. వైశాలికి ఆమ్రపాలి ఉంది, మన ఊరికి లేదే అని పెద్దమనుషులు రాజుతో మాట్లాడి చేసిన ఏర్పాటు అది. కొన్నాళ్లకు ఆమెకు నెల తప్పింది. గర్భంతో ఉన్న సంగతి తెలిస్తే తన బతుకుతెరువు పోతుందని ఒంట్లో బాగాలేదని చెప్పి తలుపులు మూసుకుంది. మగబిడ్డ పుట్టాడు. బిడ్డను ఒక పాత చాటలో పెట్టించి, పనిమనిషి చేత ఊరి పెంటకుప్ప మీద పారేయించింది. సాలవతిని తిట్టడం తేలిక. ఆమెను ఆ పనికి నియమించిన పెద్దమనుషుల పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. జోగిని వ్యవస్థ మన పక్క ఊళ్లలో ఏం చేసిందో చూసినవాళ్లకు ఈ ముక్క వేరే వివరించనక్కర్లేదు.

పొద్దున్నే ఆ దారిన పోతున్న అభయ రాజకుమారుడు కాకులు మూగి ఉండటం చూసి అదేమిటని అడిగాడు. పసిబిడ్డ అని చెప్పారు. బతికే ఉన్నాడా అని అడిగితే బతికే ఉన్నాడన్నారు. ఆ జవాబే బిడ్డకు పేరైంది. జీవకుడు అంటే బతికి ఉన్నవాడు. కుమారుడు పెంచినవాడు కాబట్టి కోమారభచ్చుడని ఇంకో పేరు వచ్చింది. గోత్రం లేదు, కులం లేదు, తండ్రి పేరు లేదు. బతికి ఉండటమే ఆయనకు మిగిలిన గుర్తింపు.

పెద్దవాడయ్యాక తన తల్లి ఎవరని అభయుని అడిగాడు. తల్లిని తాను ఎరగననీ, పెంచింది మాత్రం తానేననీ అభయుడు చెప్పాడు. జీవకుడు ఆలోచనలో పడ్డాడు. రాజుల కొలువులో చేతిలో విద్య లేకుండా బతకడం కష్టం, ఏదో ఒక పని నేర్చుకోవాలి. ఎవరికీ చెప్పకుండా తక్షశిలకు బయలుదేరాడు. రాజగృహం ఇప్పటి బీహార్‌లో ఉంటే తక్షశిల ఇప్పటి పాకిస్తాన్‌లో ఉంది. పట్నంలో కోచింగ్‌కని బస్సెక్కే మన పిల్లలు ఆ దూరాన్ని ఒకసారి ఊహించుకోవాలి.

అక్కడ పేరుమోసిన ఒక వైద్యుని దగ్గర ఏడేళ్లు చదివాడు. ఎక్కువ నేర్చుకున్నాడు, తొందరగా నేర్చుకున్నాడు, నేర్చుకున్నది మరిచిపోలేదు. అయినా ఈ విద్యకు అంతు కనపడటం లేదని దిగులు పడి, ఇది ఎప్పటికి పూర్తవుతుందని గురువును అడిగాడు. గురువు పెట్టిన పరీక్షే జీవకుని జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం. గడ్డపార తీసుకుని తక్షశిల చుట్టూ ఒక యోజనం మేర తిరిగి, మందుకు పనికిరానిది ఏది కనిపించినా పట్టుకురమ్మన్నాడు.

జీవకుడు తిరిగాడు. గట్ల మీది గడ్డి, చెరువు అంచు తుంగ, ముళ్ల పొదలు, రాళ్ల సందుల్లో మొలిచినవి అన్నీ తవ్వి చూశాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చి, మందు కానిది ఒక్కటి కూడా తనకు కనబడలేదని చెప్పాడు. చదువు అయిపోయిందని గురువు ఒప్పుకున్నాడు. దారి ఖర్చుకు కొంచెం ఇచ్చి పంపాడు.

ఈ కథను చాలామంది తప్పుగా వాడుతున్నారు. మొక్క అంటేనే మందు, మొక్క ఏ హానీ చేయదు అని చెప్పడానికి జీవకుని పేరు తెస్తున్నారు. కథలో ఉన్నది అది కాదు. ఆ మాట చెప్పగలిగేందుకు ఆయనకు ఏడేళ్లు పట్టింది. గన్నేరు కూడా ఆయనకు మందుగానే కనిపించి ఉంటుంది, కానీ ఎంత, ఎవరికి, ఎప్పుడు అన్నది తెలిసిన కంటికి. తెలియని చేతిలో గన్నేరు పప్పు ప్రాణం తీస్తుంది. మన ఊళ్లలో ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

తిరుగు దారిలో సాకేతం చేరేసరికి డబ్బులైపోయాయి. ఆ ఊళ్లో ఒక సేఠ్ భార్య ఏడేళ్లుగా తలనొప్పితో బాధపడుతున్నది. పెద్ద పెద్ద వైద్యులు వచ్చి బంగారం పట్టుకుపోయారే గాని నొప్పి పోలేదు. కుర్ర వైద్యుడొచ్చాడని కబురు పోతే, ముసలివాళ్ల వల్ల కానిది వీడి వల్ల ఏమవుతుందని ఆమె వద్దంది. జీవకుడు ముందు ఏమీ ఇవ్వొద్దనీ, తగ్గితే తోచింది ఇవ్వమనీ కబురు చేశాడు. మూలికలు వేసి కాచిన దోసెడు నెయ్యిని ముక్కు ద్వారా ఎక్కించాడు. నెయ్యి నోట్లోంచి వచ్చేసింది. ఆమె దాన్ని ఉమ్మి, దూదితో తుడిచి దాచమని దాసికి చెప్పింది. పారబోయాల్సిన నెయ్యినే వదలని ఈ పిసినారి తనకేమిస్తుందని జీవకుడు దిగులుపడ్డాడు. అది గమనించిన ఆమె, పనివాళ్ల కాళ్లకు రాయడానికో దీపానికో పనికొస్తుందనీ, ఇవ్వాల్సింది ఇస్తాననీ సర్ది చెప్పింది. నొప్పి పోయింది. ఆమె, కొడుకు, కోడలు, భర్త తలా 4,000 చొప్పున ఇచ్చారు. ఆ 16,000ను జీవకుడు పెంచిన రుణం కింద అభయుని ముందు పెట్టాడు. అభయుడు తీసుకోలేదు. ఇక్కడే ఇల్లు కట్టుకోమన్నాడు.

తరువాతి వైద్యాలు పెద్ద పెద్దవాళ్లవి. బింబిసారుని భగందరాన్ని ఒక్క పూతతో తగ్గించాడు. కాశీలో ఒక సేఠ్ కొడుకు పిల్లిమొగ్గలు వేస్తుంటే పేగు మెలిపడింది, పొట్ట కోసి సరిచేశాడు. రాజగృహంలో ఒక సేఠ్ తల కోసి రెండు పురుగులు తీశాడని కూడా ఉంది. అక్షరాలా అట్లాగే జరిగిందా అంటే, విన్నదాన్ని విన్నందుకే నమ్మొద్దని నేర్పింది మన శాస్తే కాబట్టి పాఠకులే ఆలోచించుకోవచ్చు. కోత, కుట్టు, లేపనం తెలిసిన వైద్యం ఆ రోజుల్లో ఉందన్నది మాత్రం ఈ కథల్లోంచి తెలుస్తుంది. ఎక్కడా మంత్రం లేదు. ఎక్కడా బలి లేదు. గ్రహం పట్టింది, దిష్టి తగిలింది అన్న మాట జీవకుని నోట రాదు.

ఉజ్జయిని రాజు ప్రద్యోతునికి పాండురోగం. ఆయనకు నెయ్యి అంటే అసహ్యం, మందేమో నేతితోనే చెయ్యాలి. జీవకుడు నెయ్యిని రంగు, వాసన, రుచి అన్నీ కషాయంలాగా మారేట్టు కాచి తాగించాడు. అరిగేటప్పుడు నెయ్యి బయటపడుతుందనీ, కోపిష్టి రాజు చంపిస్తాడనీ తెలిసి, ముందే అడిగి పెట్టుకున్న ఆడ ఏనుగు మీద ఊరు దాటాడు. రాజు కాకుడనే దాసుణ్ని వెంట తరిమాడు. దారిలో ఉసిరికాయ తింటూ కూర్చున్న జీవకుడు కాకునికి సగం ఇచ్చాడు. ఆ సగంలో గోటితో మందు పెట్టాడు. మిగతా సగం తనే తిన్నాడు. కాకుడు విరేచనాలతో కదల్లేకపోయాడు. ప్రాణభయం లేదని చెప్పి, ఏనుగును అప్పగించి జీవకుడు వెళ్లిపోయాడు. రాజుకు జబ్బు తగ్గి, సంతోషించి ఖరీదైన శివేయ్యక వస్త్రాల జత పంపాడు.

ఒకే కాయలో సగం ఆహారం, సగం విరేచన మందు. మొక్కలతో వైద్యం అనగానే మనం గుర్తు పెట్టుకోవాల్సిన బొమ్మ ఇదేననిపిస్తుంది.

బుద్ధునికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆనందుడు జీవకునికి చెప్పాడు. కొన్నాళ్లు ఒళ్లంతా నూనె పట్టించమన్నాడు జీవకుడు. ఆ తరువాత కూడా ఘాటైన విరేచన మందు ఇవ్వడం తగదనుకుని, కలువపూలకు మందు పట్టించి వాసన చూడమని ఇచ్చాడు. రోగి ఎవరో, ఎంత తట్టుకోగలడో చూసి మందును మెత్తబరిచాడు. తగ్గాక ఉజ్జయిని నుంచి వచ్చిన ఆ వస్త్రాలను బుద్ధునికి ఇచ్చి, ఉపాసకులు ఇచ్చే బట్టలను సంఘం తీసుకునేటట్టు అనుమతి అడిగాడు. అప్పటిదాకా భిక్ఖువులు పెంటకుప్పల మీద, శ్మశానాల్లో ఏరుకున్న గుడ్డపేలికలే కుట్టుకుని కట్టుకునేవాళ్లు. పెంటకుప్ప మీద దొరికిన మనిషి ఆ అనుమతి అడిగాడు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. కావాలనుకున్నవాళ్లు పేలికలే కట్టుకోవచ్చు, లేదంటే ఇచ్చినవి తీసుకోవచ్చు. సంఘానికి నడక దారీ, ఆవిరి స్నానాల గదీ ఉండాలని అడిగింది కూడా జీవకుడే. విందు భోజనాలు తిని కదలకుండా కూర్చుంటే భిక్ఖువులకు రోగాలొస్తున్నాయని ఆయన గమనించాడు. తన మామిడితోటను సంఘానికి ఇచ్చేశాడు. తండ్రిని చంపి నిద్రపట్టక తిరుగుతున్న అజాతశత్రువును ఒక వెన్నెల రాత్రి బుద్ధుని దగ్గరికి తీసుకొచ్చింది ఆ తోటకే. రాజగిర్‌లో ఆ తోట అని చెప్పే చోట కోలగా కట్టిన పెద్ద గదుల పునాదులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే జీవకుణ్ని దేవుణ్ని చేసినట్టవుతుంది. మహావగ్గంలోనే ఇంకో కథ ఉంది. దాన్ని మన సభల్లో పెద్దగా చెప్పరు.

మగధలో ఒకసారి ఐదు రోగాలు ప్రబలాయి. కుష్ఠు, గడ్డలు, చర్మరోగం, క్షయ, మూర్ఛ. జనం జీవకుని దగ్గరికి పరిగెత్తారు. ఉన్న ఆస్తంతా ఇస్తాం, నీకు దాసులమై ఉంటాం, వైద్యం చెయ్యమని బతిమాలుకున్నారు. తనకు రాజు, అంతఃపురం, సంఘం ఉన్నాయి, తీరదని జీవకుడు వాళ్లను తిప్పి పంపాడు. బింబిసారుడు ఆయన్ని నియమించింది ఆ ముగ్గురికే. అప్పుడు జనం ఒక దారి కనిపెట్టారు. గుండు గీయించుకుని సంఘంలో చేరితే భిక్ఖువులు సేవ చేస్తారు, జీవకుడు మందిస్తాడు. చేరారు, తగ్గాక చీవరం విప్పి ఇంటికి పోయారు. అట్లా పోయిన ఒకడు బజార్లో జీవకునికి ఎదురుపడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జీవకుడు చిన్నబుచ్చుకున్నాడు. ఆ ఐదు రోగాలున్నవాళ్లకు దీక్ష ఇవ్వొద్దని బుద్ధుణ్ని అడిగాడు. నియమం వచ్చింది.

సంఘం దవాఖానగా మారి, పనుల భారంతో కూలిపోయే పరిస్థితి వచ్చిందని ఆ నియమానికి కారణం చెప్తారు. కావచ్చు. అయినా గుండు గీయించుకుంటే తప్ప వైద్యం అందని ఆ మనిషి వైపు నుంచి చూడకుండా ఈ కథను దాటిపోలేం. దేశంలోకెల్లా గొప్ప వైద్యుడు ఉన్నాడు, కానీ రాజుకు ఉన్నాడు. పేదవాడికి లేడు. సర్కారు దవాఖాన మెట్ల మీద చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్లకు, ప్రైవేటు బిల్లు కోసం ఎకరం అమ్ముకున్నవాళ్లకు ఇది పాత కథలాగా అనిపించదు.

దీనికి సగం జవాబు మహావగ్గంలోనే ఇంకో అధ్యాయంలో ఉంది. అది భేసజ్జ ఖంధకం, అంటే మందుల అధ్యాయం. భిక్ఖువులు దగ్గర పెట్టుకోవచ్చని బుద్ధుడు అనుమతించిన మందుల పేర్లు అక్కడ బాహాటంగా చెప్పారు. వేళ్లలో పసుపు, అల్లం, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేరు, తుంగముస్తలు. ఆకుల్లో వేప, కొడిశపాల, చేదుపొట్ల, తులసి, పత్తి. కాయల్లో వాయువిడంగాలు, పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరి. కషాయాలకు వేప, కొడిశపాలతో పాటు కానుగ. జీవకుని ఇంటి ముందు నిలబడే పని లేదు. ఏ భిక్ఖువైనా దంచి, కాచి పక్కవాడికి ఇవ్వొచ్చు. ఈ పట్టీలో సగానికి పైగా మన కిరాణంలో, దొడ్లో, పొలం గట్టు మీద దొరికేవే. వేపమండ ఉందంటే అందులో అమ్మవారు ఉన్నట్టు కాదు, చేదు ఉన్నట్టు. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ల ఇంట్లో వేపచెట్టు ఉండొచ్చు, దానికి పసుపు కుంకుమ మాత్రం అక్కర్లేదు.

ఆ అధ్యాయంలో ఒక షరతు కూడా ఉంది. ఈ వేళ్లూ కాయలూ బతికినన్నాళ్లు దాచుకోవచ్చు, కానీ జబ్బు అనే కారణం ఉంటేనే తినాలి. కారణం లేకుండా తింటే దోషం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజూ పొద్దున్నే ఏదో ఒక కషాయం తాగాలని ఫోన్లో చూసి మొదలుపెట్టేవాళ్లు ఈ షరతును చూడాలి.

ఆ పట్టీలో తుంగముస్తల దగ్గర కాసేపు ఆగుదాం. మూసీ ఆయకట్టులో గాని, మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమకాల్వ కింద గాని వరి వేసిన ప్రతి ఇంటికీ తుంగ అంటే ఏంటో తెలుసు. కలుపు తీసే ఆడవాళ్ల నడుము విరగ్గొట్టే గడ్డి అది. పైన పీకితే ఆకు చేతికొస్తుంది, కింద గడ్డలు గొలుసుకట్టుగా అట్లాగే ఉంటాయి, వారం తిరక్కముందే మళ్లీ లేస్తుంది. ఆ నల్లటి, వాసనొచ్చే గడ్డలే తుంగముస్తలు. పాళీలో భద్దముత్తక అన్నది దీన్నే. సున్నిపిండిలో వాసనకు వేసేదీ ఇదే. ఆయుర్వేదంలో జ్వరానికి, విరేచనాలకు దీన్ని వాడతారు.

ఇంట్లో వాడే పద్ధతి పెద్దగా ఏమీ లేదు. గడ్డలు తవ్వి, మట్టి పోయేదాకా కడిగి, పైన పీచు గీకేసి, నీడలో ఆరబెట్టి దాచుకోవాలి. పెద్దవాళ్లకు తేలికపాటి నీళ్ల విరేచనాలైతే నాలుగైదు గడ్డలు, చిన్న అల్లం ముక్క నలగ్గొట్టి, రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒక గ్లాసు అయ్యేదాకా కాచి, వడగట్టి గోరువెచ్చగా రెండు పూటలుగా తాగుతారు. ఒకటి రెండు రోజులు, అంతే. చిన్నపిల్లలకు, గర్భంతో ఉన్నవాళ్లకు, షుగర్ మందులు వాడేవాళ్లకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. గడ్డిమందు కొట్టిన పొలంలోది, మురికి కాల్వ పక్కది అసలే తవ్వొద్దు. బుద్ధుని కాలంలో లేని ఈ జాగ్రత్త మన కాలానికి వచ్చిపడింది.

ఇంకోటి. విరేచనాల్లో మనిషిని చంపేది నీళ్లు పోవడమే. తుంగ గడ్డ ఆ నీళ్లను తిరిగి పోయలేదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న చెంచాతో తలకొట్టి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ పొట్లం ఉంటే అదే మేలు. మలంలో రక్తం పడ్డా, కండ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, తాగింది నిలవకపోయినా కషాయం పక్కన పెట్టి దవాఖానకు పోవాలి.

కామెర్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. మన పల్లెల్లో కామెర్లు అనగానే పసరు పోసేవాళ్ల దగ్గరికి నడుస్తారు. ఏ ఆకు అంటే చెప్పరు. చెప్తే మందు పని చెయ్యదంటారు. కామెర్లలో కొన్ని రకాలు, ముఖ్యంగా కలుషిత నీళ్ల వల్ల వచ్చేవి, చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్-బి ఒంట్లో పాతుకుపోయినా, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా అట్లా తగ్గదు, వారాలు గడిచాక దవాఖానకు మోసుకుపోతారు. ఏ కామెర్లో రక్తపరీక్ష చేయకుండా తక్షశిలలో చదివినవాడు కూడా చెప్పలేడు. మహావగ్గం ఆకుల పేర్లన్నీ అందరికీ వినపడేట్టు చెప్పింది. పేరు చెప్పని మందుకు మన ఇంట్లో చోటెందుకు? విద్యను దాచిపెట్టి, మన ముత్తాతల చెవిన పడకుండా చేసినవాళ్లతో మన కొట్లాట ఇన్నేళ్లది. ఆకు పేరు దాచడం దగ్గర మాత్రం మనమే మెత్తబడుతున్నాం.

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్ఖువు కథ కూడా మహావగ్గంలో ఉంది. తోటివాళ్లెవరూ చూడలేదు. అతను వాళ్లకు ఏమీ చేయలేదు కాబట్టి వాళ్లూ అతనికి చేయలేదట. బుద్ధుడు స్వయంగా నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. అమ్మా నాన్నా లేని చోట ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని సంఘాన్ని అడిగాడు. సేవ చేసేవాడికి మందు తయారు చేయడం రావాలనీ, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలనీ, మలమూత్రాలనూ ఉమ్మినీ వాంతినీ ఎత్తడానికి అసహ్యించుకోకూడదనీ చెప్పాడు. రోగి కూడా మోతాదు ఎరిగి ఉండాలి, మందు వేసుకోవాలి, రోగం దాచకుండా ఉన్నది చెప్పాలి. మలం ఎత్తే పనిని ఒక కులానికి అంటగట్టిన దేశంలో, రాజకుమారుడుగా పుట్టినవాడు ఆ పనిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

జీవకునికి వయసు మళ్లిందో లేదో గాని, బుద్ధునికి మళ్లిన రోజుల్లో దేవదత్తుడు గిజ్జకూటం మీద నుంచి బండ దొర్లించాడు. రాతి పెళ్ల తగిలి బుద్ధుని పాదం నుంచి రక్తం వచ్చింది. భిక్ఖువులు ఆయన్ని మోసుకుని జీవకుని మామిడితోటకు తెచ్చారు. ధమ్మపదం అట్టకథలో ఈ ముక్క ఉంది. జీవకుడు ఘాటైన మందు పెట్టి కట్టు కట్టాడు. పట్నంలో ఇంకో రోగిని చూసి వస్తాననీ, తాను వచ్చేదాకా కట్టు అట్లాగే ఉండనివ్వమనీ చెప్పి వెళ్లాడు. అక్కడ ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి కోట తలుపులు మూసేశారు. కట్టు వేళకు విప్పకపోతే ఆ మందు రాత్రంతా ఒళ్లు మండిస్తుందని ఆయనకు తెలుసు. విప్పమని చెప్పి పంపడానికి మనిషి లేడు, మూసిన తలుపు అవతల నిలబడిపోయాడు.

తోటలో అదే వేళకు బుద్ధుడు ఆనందుణ్ని పిలిచి కట్టు విప్పమన్నాడు. జీవకుని మనసులో మాట దూరం నుంచే తెలిసిందని అట్టకథ అంటుంది. రోజూ మందుల మధ్య, రోగుల మధ్య ఉన్న మనిషికి ఏ కట్టు ఎంతసేపు ఉండాలో తెలిసి ఉండదా అని కూడా అనుకోవచ్చు. ఆనందుడు కట్టు విప్పాడు. చెట్టు నుంచి ఎండిన బెరడు రాలినట్టు పుండు మీది పొర రాలిపోయింది. తెల్లవారక ముందే, తలుపులు తీసీ తీయంగానే, జీవకుడు పరిగెత్తుకుంటూ తోటకు వచ్చాడు. రాత్రి మంట పుట్టిందా అని అడుగుతూనే పాదం చూశాడు. గాయం మానింది.